పాత స్వాతంత్ర్యోద్యమ రంగుల పటాలు: విప్పడం, శుభ్రం చేయడం, మళ్లీ పటం కట్టించడం

దండి యాత్ర, చరఖా జెండా పట్టుకున్న భారతమాత, ఆజాద్ హింద్ సైనికుల వందనం స్వీకరిస్తున్న నేతాజీ, 1947 ఆగస్టు అర్ధరాత్రి వంటి ఘట్టాలను చిత్రకారులు గీయగా, వాటిని రంగుల్లో అచ్చువేసిన పటాలు విశాఖపట్నం పాతనగరం ఇళ్లలో ఇంకా గోడల మీద వేలాడుతూనే ఉన్నాయి. ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టేటప్పుడో, పెద్దల సామాను పంచుకునేటప్పుడో ఇవి చేతికి వస్తాయి. "వీటిని ఎలా శుభ్రం చేయాలి, మళ్లీ ఎలా కట్టించాలి" అని అడిగేవారికి విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ పని జరిగే వరుసలో పెట్టాను.

ఒక్క విషయం ముందే చెప్పాలి. నేను విప్పి చూసిన పటాల్లో చాలావాటికి దెబ్బ తగిలింది వెనుకవైపు నుంచే. ముందున్న అద్దాన్ని ప్రతి పండుగకూ తుడుస్తాము. వెనుకనున్న ప్లైవుడ్డు ముక్క, పాత వార్తాపత్రిక, తుప్పుపట్టిన మేకులు, గోడ చెమ్మ ఎవరికీ కనిపించవు. అందువల్ల ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం పటం వెనుకవైపు గురించే ఉంటుంది.

1. కాలం, చోటు, సామగ్రి

ఈ పనికి విశాఖలో అనువైన కాలం డిసెంబరు నడుమ నుంచి ఫిబ్రవరి చివరి వరకు. వేసవిలో గాలి పొడిగా ఉంటుందనుకొని ఏప్రిల్, మే నెలల్లో మొదలుపెట్టేవారున్నారు. మన ఊళ్లో ఎండాకాలమంటే చెమటకాలమే. గాలిలో తేమ శాతాన్ని చూపే చిన్న డిజిటల్ మీటరు ఒకటి కొని గదిలో పెట్టుకోండి. అది 60 లోపు చూపిన రోజునే పటాన్ని విప్పాలి, 60 లోపు చూపిన రోజునే మళ్లీ మూయాలి. 65 దాటిన గాలిలో బూజు పెరుగుతుంది కాబట్టి, అలాంటి రోజున పటాన్ని మూస్తే ఆ తేమను కూడా లోపల పెట్టి మూసినట్లే అవుతుంది.

బల్ల పటానికి రెట్టింపు వెడల్పుండాలి. ఫ్యాను ఆపివేయాలి. ఉంగరాలు, గాజులు, చేతి గడియారం తీసి పక్కన పెట్టి, చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. నూలు చేతితొడుగులు వేసుకుంటే కాగితం అంచు వేళ్లకు తెలియక చిరుగుతుంది. శుభ్రమైన, పొడి చేతులే మేలు.

దగ్గర ఉంచుకోవలసినవి:

- మెత్తని వెడల్పాటి బ్రష్షు (మేకవెంట్రుకలదైతే మంచిది)
- 10 రెట్లు పెంచి చూపే భూతద్దం, చిన్న అతినీలలోహిత టార్చి
- తెల్లని వినైల్ రబ్బరు, దాన్ని తురమడానికి సన్నని తురుముపీట
- అద్దుడు కాగితాలు, రెండు నున్నని పలకలు, బరువుకు లావుపాటి పుస్తకాలు
- ఆమ్లరహిత మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ వేసే దళసరి అట్ట), పలుచని జపాను కాగితం (పొడవాటి పోగులున్న గట్టి కాగితం)
- ఎన్95 మాస్కు, శ్రావణం, పలుచని చాకు
- మెత్తని పెన్సిలు. ఈ పని జరిగేటప్పుడు బల్ల మీద పెన్ను ఉండకూడదు

2. పాత చట్రాన్ని విప్పడం

ముందుగా పటాన్ని ముందువైపు, వెనుకవైపు ఫోటో తీయండి. తరవాత బల్ల మీద మెత్తని దుప్పటి పరచి, పటాన్ని బోర్లా పెట్టండి. వెనుక అంటించిన కాగితాన్ని అంచు వెంట చాకుతో కోయండి. మేకులను పైకి లాగకుండా, శ్రావణంతో పట్టుకొని చట్రం కొయ్య వైపు మెల్లగా వంచుతూ తీయండి; పైకి లాగితే చేయి జారి అట్టకు, అట్ట వెనుకనున్న బొమ్మకు తగులుతుంది.

వెనుకనున్న అట్టను పారేయకండి. దాని మీద పటం కట్టిన దుకాణం చీటీ, కొన్న తేదీ, ఇచ్చినవారి పేరు ఉండవచ్చు. అట్టకూ బొమ్మకూ నడుమ దూర్చిన వార్తాపత్రిక ముక్క మీద తేదీ కనబడితే, పటాన్ని చివరిసారి ఎప్పుడు కట్టారో దాదాపుగా తెలిసినట్లే. దాన్ని విడిగా ఒక కవరులో దాచి, బొమ్మ దగ్గర నుంచి మాత్రం తీసివేయాలి. వార్తాపత్రిక కాగితంలోని ఆమ్లం పక్కనున్న కాగితాన్ని కూడా గోధుమరంగుకు తిప్పుతుంది.

బొమ్మ అద్దానికి అంటుకొని ఉండడం మన సముద్రతీరంలో తరచు కనిపించే ఇబ్బంది. బొమ్మ మీది వార్నిషు గాని, కాగితం పూత గాని తేమకు మెత్తబడి అద్దాన్ని పట్టేస్తుంది. అలా ఉంటే లాగవద్దు, చాకు దూర్చవద్దు, ఆవిరి పట్టవద్దు. అద్దంతో సహా పక్కన పెట్టి, కాగిత సంరక్షణ తెలిసినవారికి చూపించాలి. భువనేశ్వర్‌లో, వారసత్వ సంపదను కాపాడే ఇన్‌టాక్ సంస్థకు సంరక్షణ కేంద్రం ఉంది, హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో సంరక్షణ ప్రయోగశాల ఉంది. నా మొదటి పటానికి ఈ ఓపిక చూపలేదు. దండి యాత్ర బొమ్మలో వెనుక నడుస్తున్నవారి ముఖాలు నాలుగు ఇప్పటికీ ఆ అద్దం మీదే ఉన్నాయి.

3. ఏ రకం అచ్చో, ఏ కాలానిదో గుర్తించడం

ఇది చరిత్ర కోసం చేసే పని కాదు. ఏ రకం అచ్చో తెలిస్తేనే దాన్ని ఎంతవరకు తాకవచ్చో తెలుస్తుంది. భూతద్దంతో ముఖం, ఆకాశం వంటి లేతరంగు భాగాలను చూడండి.

చుక్కలు వరుసగా, చిన్న చిన్న పువ్వుల్లా గుమిగూడి కనిపిస్తే అది ఆఫ్‌సెట్ అచ్చు; శివకాశిలో అచ్చయిన క్యాలెండరు పటాలు ఎక్కువగా ఇలాంటివే. చుక్కలు వరుస లేకుండా, ఇసుక చల్లినట్లు ఉండి, అంచుల వద్ద ఒక రంగు మరొక రంగు మీదికి కొద్దిగా జరిగి ఉంటే అది రాతి అచ్చు (లిథోగ్రాఫ్). రాతి అచ్చు మీద మెరిసే వార్నిషు, నూలుబట్ట నేతలాంటి గరుకు కూడా ఉంటే, తైలవర్ణ చిత్రంలా కనిపించడానికి చేసిన పాత పద్ధతి అది. దీనికి నీరు తగలనివ్వకూడదు. వరుసా, గరుకూ ఏదీ లేకుండా సన్నని తుంపరలా రంగు పడి ఉంటే, ఈమధ్య కంప్యూటరు ప్రింటరులో తీసిన నకలు.

గదిని చీకటి చేసి అతినీలలోహిత టార్చి వేస్తే ఇంకొక ఆధారం దొరుకుతుంది. కాగితం నీలపుతెలుపుగా మెరిస్తే అందులో తెల్లదనం పెంచే రసాయనం ఉన్నట్లు. 1950 ప్రాంతం నుంచే అది కాగితాల్లో విరివిగా వాడుకలోకి వచ్చింది. "1930 నాటిది" అని అమ్మినది అలా మెరిసిందంటే ఆ మాట నమ్మనక్కరలేదు.

కాలాన్ని పట్టుకోవడానికి జెండా బాగా ఉపయోగపడుతుంది. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాల సందర్భంగా పింగళి వెంకయ్య జెండా నమూనాను గాంధీకి సమర్పించిన తరవాత వాడుకలోకి వచ్చిన జెండాలో పైన తెలుపు, నడుమ ఆకుపచ్చ, కింద ఎరుపు, వాటి మీద చరఖా ఉంటాయి. 1931 నుంచి కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వరుసలో, నడుమ చరఖాతో కనిపిస్తుంది. అశోకచక్రం ఉన్న జెండాను రాజ్యాంగసభ 1947 జూలై 22న ఆమోదించింది. కాబట్టి 1930 నాటి దండి యాత్రను చూపే బొమ్మలో అశోకచక్రం ఉంటే, ఆ బొమ్మ 1947 తరవాత గీసినదే. ఇది ఒకవైపు మాత్రమే పనిచేసే లెక్క అని గమనించాలి: చరఖా జెండా ఉన్నంత మాత్రాన బొమ్మ 1947కు ముందుది కానక్కరలేదు, తరవాతివారు కూడా పాత జెండాను గీశారు.

బొమ్మ కింది అంచున ఉన్న చిన్న అక్షరాలను కూడా చదవండి. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుది కావడానికే అవకాశం ఎక్కువ. "నయా పైసలు" అని ఉంటే 1957, 1964 నడుమ కాలానిది. చిరునామాలో పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తరవాతిది. చట్రం కొత్తగా కట్టేటప్పుడు ఈ అంచును కత్తిరించి "సరిచేయడం" చాలా దుకాణాల్లో అలవాటు. అంచు పోతే పటానికి ఊరూ పేరూ పోయినట్లే.

4. ముందుగా నకలు తీసి పెట్టుకోవడం

శుభ్రం చేయడానికి ముందే నకలు తీయాలి, ఎందుకంటే ఏదైనా పొరపాటు జరిగితే మిగిలేది అదే. చిన్న పటమైతే స్కానరులో 600 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు అనే లెక్క) వద్ద తీసి టిఫ్ ఫైలుగా దాచండి. స్కానరులో పట్టనిదైతే, పటాన్ని బల్ల మీద పరచి, రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో రెండు ఒకేరకం దీపాలు పెట్టి, కెమెరాను సరిగ్గా పైనుంచి తిన్నగా ఉంచి తీయాలి. ఫ్లాష్ వాడకూడదు. పక్కన తెల్ల కాగితం ముక్క, స్కేలు పెట్టి మొదటి ఫోటో తీస్తే తరవాత రంగూ కొలతా సరిచూసుకోవచ్చు. ఏ3 పరిమాణంలో, 300 డీపీఐలో మళ్లీ అచ్చు తీయాలంటే బొమ్మకు 3508 × 4961 పిక్సెళ్లు కావాలి. ఫోను కెమెరా అంతకు తక్కువ ఇస్తే భాగాలుగా తీసి కలపాలి.

నకలును ఇంట్లో తగిలించుకోవడం వేరు, అచ్చువేసి అమ్మడం వేరు. మన దేశంలో చిత్రకారుడు మరణించిన తరవాత 60 ఏళ్ల వరకు హక్కులు ఉంటాయి కాబట్టి అమ్మే ఉద్దేశం ఉంటే అది ముందుగా చూసుకోవాలి. తీసిన ప్రతి నకలు వెనుక "నకలు" అనీ, తీసిన తేదీనీ పెన్సిలుతో రాయండి. 40 ఏళ్ల తరవాత మన మనుమలే దాన్ని అసలు పటమని నమ్మే ప్రమాదం ఉంది.

5. పొడిగా శుభ్రం చేయడం

వరుస ఇది: మొదట వెనుకవైపు, తరవాత ముందువైపు అంచులు, చివరికి అవసరమైతేనే బొమ్మ.

బ్రష్షును నడుమ నుంచి అంచులకు, ఒకే దిశలో, బరువు వేయకుండా లాగండి. అంచుల మీద మట్టి మిగిలితే వినైల్ రబ్బరును సన్నగా తురిమి, ఆ పొడిని చల్లి, వేలికొనలతో చిన్న గుండ్రాలుగా తిప్పి, నల్లబడిన పొడిని బ్రష్షుతో దులిపేయండి. పెన్సిలుతో రాసిన పేర్లు, తేదీలు ఉన్నచోట రబ్బరు పొడి పోయకండి. రంగు ఉన్న భాగంలో బ్రష్షు చాలు. చమ్కీలు, జరీ, బట్టముక్కలు అంటించి అలంకరించిన పటమైతే బ్రష్షు కూడా ఆ చుట్టుపక్కలకు పోకూడదు.

బూజు కనబడితే మాస్కు పెట్టుకొని, ఆ పటాన్ని మిగతావాటికి దూరంగా, గాలి ఆడే నీడలో రెండు మూడు రోజులు ఉంచి బాగా ఎండనివ్వండి. తడి బూజును తుడిస్తే కాగితంలోకి ఇంకిపోతుంది. ఎండిన బూజు పొడిలా రాలుతుంది. దాన్ని ఆరుబయట బ్రష్షుతో దులిపి, ఆ బ్రష్షును వేరే పటానికి వాడకుండా కడగండి. బూజు పోయినా మచ్చ మిగులుతుంది. ఆ మచ్చను తొలగించడానికి ఇంట్లో చేసే ప్రయత్నం ఏదీ మచ్చకంటే తక్కువ హాని చేయదని నా అభిప్రాయం.

వెండిరంగులో మెరిసే చిన్న పురుగులు కాగితం పైపొరను గీరి తింటాయి. గీరిన చోట రంగు పలుచబడి తెల్లగా కనిపిస్తుంది. అక్కడ రంగుపెన్సిలుతో పూడ్చవద్దు.

6. ముడతలు తీయడం, చిరుగులు అతకడం

చుట్టచుట్టి పెట్టిన పటాన్ని బలవంతంగా తెరిస్తే పెళుసుబారిన కాగితం గీతలు గీతలుగా విరుగుతుంది. మూతగల పెద్ద ప్లాస్టిక్ పెట్టె అడుగున తడి స్పాంజి పెట్టి, దానికి తగలకుండా జల్లెడలాంటి తట్ట మీద చుట్టను ఉంచి, గంట సేపు మూత వేస్తే కాగితం మెత్తబడుతుంది. వానాకాలంలో విశాఖలో ఈ పెట్టె అక్కరలేదు, మన గదే పెట్టె! మెత్తబడ్డ తరవాత రెండు అద్దుడు కాగితాల నడుమ, పలకల కింద, పుస్తకాల బరువుతో వారం రోజులు ఉంచండి. మొదటి రెండు రోజులు అద్దుడు కాగితాలను రోజుకొకసారి మార్చాలి. వార్నిషు, చమ్కీ ఉన్న పటాలకు ఈ పద్ధతి పనికిరాదు.

చిరుగులకు గోధుమ పిండిపదార్థంతో చేసిన జిగురు వాడాలి. మామూలు మైదా జిగురులో బంకపదార్థం కూడా ఉంటుంది. అది పసుపుబారుతుంది, పురుగులను పిలుస్తుంది. హల్వాకు గోధుమ పాలు తీసిన చేతికి ఈ పని కొత్తకాదు: పిండి ముద్దను నీటిలో పిసికి, బంకను తీసివేసి, ఆ తెల్లనీటిని రాత్రంతా కదపకుండా ఉంచి, పైనీటిని వంపేస్తే అడుగున మిగిలేదే కావలసినది. దాన్ని ఎండబెట్టి, ఒక వంతుకు ఐదు వంతుల నీరు కలిపి, సన్నసెగ మీద 20 నుంచి 30 నిమిషాలు ఆపకుండా కలుపుతూ ఉడికించి, చల్లార్చి, వడగట్టాలి. ఫ్రిజ్‌లో పెట్టినా నాలుగైదు రోజులకు మించి ఉంచకూడదు. పుస్తకాల బైండింగులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే అలవాటు ఉంది. పటాలకు మాత్రం వద్దు, అందులోని రాగి కాగితాన్ని త్వరగా పెళుసుబారుస్తుంది.

జపాను కాగితాన్ని కత్తెరతో కోయకుండా, తడిగీత గీసి చేత్తో చింపితే అంచున నూగులాంటి పోగులు వస్తాయి. అవే అతుకును పట్టి ఉంచుతాయి. ఆ ముక్కకు పలుచగా జిగురు రాసి, బొమ్మ వెనుకవైపు చిరుగు మీద అద్ది, పైన అద్దుడు కాగితం, చిన్న బరువు పెట్టి ఆరనివ్వండి.

7. మళ్లీ పటం కట్టించడం

దుకాణానికి వెళ్లేముందు ఏమి కావాలో కాగితం మీద రాసుకొని వెళ్లడం మంచిది. లేకపోతే పటం కట్టేవారు తమకు అలవాటైన పద్ధతిలో, అంటే బొమ్మను హార్డ్‌బోర్డుకు పూర్తిగా అంటించి, అద్దాన్ని దాని మీద నేరుగా బిగించి, అదే రోజు సాయంత్రానికి ఇచ్చేస్తారు. నగరంలోని ఒక దుకాణంలో నాకిలాగే జరిగింది. తప్పు వారిదని అనలేను, నేను చెప్పలేదు, వారు అడగలేదు.

దుకాణంలో చెప్పవలసినవి:

- బొమ్మను దేనికీ పూర్తిగా అంటించకూడదు, ల్యామినేషన్ చేయకూడదు, అంచు కత్తిరించకూడదు
- బొమ్మకూ అద్దానికీ నడుమ కనీసం 2 మిల్లీమీటర్ల మందం గల ఆమ్లరహిత మౌంట్ కిటికీ (బొమ్మ కనిపించేలా నడుమ కోసిన మౌంట్ బోర్డు) ఉండాలి
- వెనుక ప్లైవుడ్డు, హార్డ్‌బోర్డు బదులు సన్‌ప్యాక్ షీటు (తేలికైన ప్లాస్టిక్ పలక) వేయాలి
- మేకుల బదులు స్టెయిన్‌లెస్ స్టీలు మరలు, వేలాడదీయడానికి నైలాను తాడు వాడాలి
- చట్రం గాడి ఈ పొరలన్నీ పట్టేంత లోతు ఉండాలి

బొమ్మను మౌంటుకు పట్టించడం మాత్రం మీ చేతులతోనే చేసుకోండి. జపాను కాగితంతో రెండు చిన్న పట్టీలు చేసి, బొమ్మ పైఅంచున మాత్రమే, వెనుకవైపు, పిండిజిగురుతో అతికించి వేలాడనివ్వాలి. నాలుగు వైపులా బిగిస్తే, తేమకు కాగితం సాగినప్పుడు దానికి చోటు లేక అలలు అలలుగా లేస్తుంది. చాలామంది దీన్ని చూసి "నీళ్లు దిగాయి" అనుకుంటారు. సాధారణంగా కారణం ఆ బిగింపే.

సన్‌ప్యాక్ షీటు హోర్డింగులకు వాడే చవక వస్తువని చిన్నచూపు అక్కరలేదు. అది పాలీప్రొపిలీన్, ఆమ్లం వదలదు, చెమ్మ పీల్చదు, చెదలు తినవు. అద్దం, మౌంటు, బొమ్మ, షీటు అన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి, నాలుగు అంచులనూ అల్యూమినియం టేపుతో చుట్టి మూసి, ఆ కట్టను చట్రంలో పెడితే బయటి ఉప్పుగాలి లోపలికి రావడం బాగా తగ్గుతుంది. టేపు బొమ్మకు ఎక్కడా తగలకూడదు. ఈ మూసే పనిని మీటరు 60 లోపు చూపిన రోజునే చేయాలన్నది మరచిపోవద్దు.

8. తగిలించే చోటు

సముద్రం వైపు బయటి గోడ, స్నానాల గది గోడ, వంటగది గోడ పనికిరావు. లోపలి గోడ ఎంచుకొని, చట్రం కింది మూలల్లో రెండు బెండుముక్కలు అంటిస్తే గోడకూ పటానికీ నడుమ గాలి ఆడుతుంది. కిటికీకి ఎదురుగా పెట్టకూడదు. కాగితపు బొమ్మలకు మ్యూజియంలలో పాటించే హద్దు 50 లక్సులు (లక్సు అంటే వెలుగును కొలిచే ప్రమాణం). అది చాలా మసక వెలుగు. హాలులో అందరికీ కనిపించాలంటే నకలును తగిలించి, అసలు పటాన్ని తక్కువ వెలుగున్న గదిలో ఉంచడమే దారి.

భారతమాత, గాంధీ పటాలకు కుంకుమ బొట్టు పెట్టి, పంద్రాగస్టుకు దండ వేసే ఇళ్లు ఉన్నాయి. బొట్టు అద్దం నడుమ పెడితే ఇబ్బంది లేదు. అంచున పెడితే పొడి లోపలికి జారుతుంది. తడి పూలదండ చట్రానికి రాత్రంతా ఉండకూడదు. దీపం కింద, అగరువత్తుల పైన పటం ఉంటే అద్దం మీద మసి నూనెలా పేరుకుంటుంది. అద్దం తుడిచే ద్రవాన్ని గుడ్డ మీద పోసి తుడవాలే తప్ప అద్దం మీద చల్లకూడదు, అది కింది అంచు నుంచి లోపలికి దిగుతుంది.

9. పొరపాట్లు, వాటికి విరుగుడు

సెలోటేపు అంటించి ఉంటే: పాతబడి గోధుమరంగుకు తిరిగి, ప్లాస్టిక్ దానంతటదే ఊడివస్తుంటే తీసేయండి. గట్టిగా పట్టుకొని ఉంటే వదిలేయండి.

ల్యామినేషన్ చేసేసి ఉంటే: ఇంట్లో విడదీయలేరు. మంచి నకలు తీసి పెట్టుకోవడం తప్ప చేయగలిగింది లేదు.

హార్డ్‌బోర్డుకు అంటించి ఉంటే: బొమ్మను బోర్డు నుంచి లాగవద్దు. మౌంటు కిటికీ పెట్టి, అద్దాన్ని దూరం జరిపి, బోర్డు వెనుక సన్‌ప్యాక్ షీటు వేసి ఆపండి.

తడిగుడ్డతో తుడిచి రంగు కదిలితే: వెంటనే ఆపి, రుద్దకుండా అద్దుడు కాగితం మీద పెట్టి ఆరనివ్వండి. నిమ్మరసం, ఉల్లిపాయ, బంగాళాదుంప, బొరుగుపొడి వంటి చిట్కాలు ఇక్కడికి తేవద్దు.

10. ఏడాదికి రెండు పరీక్షలు

మొదటిది సెప్టెంబరు చివరలో, తుపానుల కాలానికి ముందు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కిటికీ అద్దాలు పగిలి వాన గదుల్లోకి అడ్డంగా కొట్టింది. లోపలి గోడలు కూడా తడిశాయి. తుపాను హెచ్చరిక వచ్చిన వెంటనే పటాలను దించి, ఒక్కొక్కదాన్ని పాతదుప్పటిలో చుట్టి, పైన పాలిథిన్ కవరు వేసి, కిటికీలేని గదిలో, నేలకు అడుగు ఎత్తున నిలబెట్టాలి. తుపాను పోయిన మరునాడే ఆ కవరు తీసేయాలి; వదిలేస్తే లోపల చెమ్మ పడుతుంది. పటం తడిస్తే ఎండలో పెట్టకుండా, చట్రం విప్పి, అద్దుడు కాగితాల మీద, గది మూలనున్న ఫ్యాను గాలిలో 48 గంటల లోపు ఆరబెట్టాలి. అంతకు మించితే బూజు మొదలవుతుంది. అద్దానికి అంటుకుంటే రెండో అంశంలో చెప్పినట్లు వదిలేయాలి.

రెండోది సంక్రాంతి శుభ్రంలో. పటాన్ని దించి, వెనుకకు తిప్పి, ఈ నాలుగూ చూడండి:

- మరల చుట్టూ తుప్పు గీత ఉందా
- టేపు ఎక్కడైనా లేచిందా
- షీటు మీద, గోడ మీద చెదల మట్టిగీతలు ఉన్నాయా
- అద్దం లోపలివైపు తెల్లని పొర గాని, చెమ్మ చుక్కలు గాని ఉన్నాయా

చివరిది కనబడితే మాత్రం ఆలస్యం చేయకుండా, పొడిగా ఉన్న రోజు చూసుకొని, రెండో అంశం నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.